చాచీ పళ్లెం మోగించిన సాయంత్రం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా మనవరాలి కూతురు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని క్లాసు పీకింది. యాప్రాల్‌లో వాళ్ల ఫ్లాటు. పిల్ల తొమ్మిదో తరగతి. స్కూల్లో డిబేట్ పోటీలున్నాయట, ప్రాక్టీసుకి వినేవాళ్లు కావాలట, ఇంట్లో పనీపాటా లేకుండా ఉన్నది నేనొక్కదాన్నేనట. ముందుగా డిబేట్లలో ఎన్ని రకాలున్నాయో చెప్పుకొచ్చింది. పార్లమెంటులో లాగా ప్రభుత్వ పక్షం, ప్రతిపక్షం అని విడిపోయి కొట్లాడుకునేది ఒకటి. ఇద్దరిద్దరు జట్టుకట్టి, ఒకే విషయం మీద నెలల తరబడి ఆధారాలు పోగేసి చేసేది ఇంకొకటి. అక్కడికక్కడ విషయం చేతిలో పెట్టి మాట్లాడమనేది మరొకటి. "ఇవన్నీ నీకు బోరు కొడతాయిలే తాతమ్మా, ఒకటి మాత్రం భలే ఉంటుంది, కొత్తగా వచ్చింది, టర్న్‌కోట్ అంటారు" అంది. సగం టైమ్ అవునని వాదించి, గంట కొట్టగానే అదే నోటితో కాదని వాదించాలట. నాకు నవ్వు ఆగక పొలమారితే పాపం పరుగున వెళ్లి నీళ్లు తెచ్చిచ్చింది. కొత్తగా వచ్చిందట! సికిందరాబాదు బళ్లన్నిటిలో నా నోటికి భయపడని పిల్ల లేని రోజుల్లో మేం దాన్ని పల్టీ అనేవాళ్లం.

నేనేదో గొప్పలు పోతున్నాననుకుంటారేమో. అనుకోండి, నాకేం. ఈ వయసులో ఉన్నదున్నట్టు చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకోవాలి? మా నాన్న మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు, చరిత్ర చెప్పేవారు. తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి రెజిమెంటల్ బజార్ వెనక సందులో స్థిరపడిన కుటుంబం మాది. ఇక్కడివాళ్లు మమ్మల్ని కోస్తావాళ్లనేవారు, కోస్తా చుట్టాలు నైజాం వాళ్లనేవారు. ఎవరేమన్నా అమ్మ వండే చేపల పులుసు మాత్రం రెండు పక్షాలవాళ్లూ తినిపోయేవారు. నాన్నకి వాదన పిచ్చి. బడిలో శనివారం సభ ఆయనదే. అందులో వాదన మూడు రకాలు. మొదటిది, ముందే విషయం చెప్పి, చదువుకుని రమ్మనేది. రెండోది చీటీ. టోపీలో చేయిపెట్టి ఏది వస్తే దాని మీద మాట్లాడాలి. నాకొకసారి 'ఎద్దుబండి మేలా, రైలు మేలా' అని వచ్చింది. రైలు కింద పడితే చస్తాం, ఎద్దుబండి కింద పడితే ఎద్దు ఆగి చూస్తుంది అని మొదలుపెట్టేసరికి అవతలి పిల్లవాడు తన మాటలు మరిచిపోయి నవ్వుతూ నిలబడ్డాడు. మూడోది పల్టీ. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో పక్షం వాదిస్తుంటే సగంలో గంట మోగుతుంది. మోగిందా, నోట్లో మాట నోట్లోనే మింగేసి పక్షాలు మార్చుకోవాలి. ఇప్పటిదాకా అవతలివాడు అన్నదాన్ని వాడికంటే బాగా మనం చెప్పాలి. అక్కడ తేలిపోయేది ఎవరు సరుకున్నవాళ్లో. ఎదుటివాడి బలమైన మాటను దాచేసి గెలిచేది పిరికివాడని నాన్న అనేవారు. అలా దాచిన పిల్లలకి ఎంత బాగా మాట్లాడినా మార్కులు వేసేవారు కాదు.

ఈ పల్టీని కనిపెట్టింది నాన్న ఒక్కరే కాదు. బడిలో ఉర్దూ చెప్పే మాస్టరుగారు కూడా. మా సందు చివరిల్లు వాళ్లది. నేను ఆయన్ని చాచా అనీ, ఆయన భార్యని చాచీ అనీ పిలిచేదాన్ని. వాళ్లకి పిల్లల్లేరు. పోటీలు దగ్గరపడితే మా జట్టుకి ప్రాక్టీసు వాళ్లింటి ముందుగదిలోనే. నాన్న ఒక కుర్చీలో, చాచా ఒక కుర్చీలో, మేం చాప మీద. చాచీ పరదా మనిషి, మగవాళ్ల ముందుకి వచ్చేది కాదు. కానీ ఆ ఇంట్లో గోడగడియారం ఉన్నది లోపలి గదిలో. అందుకని టైమ్ చూసే పని ఆమెకి పడింది. పరదా వెనక కూర్చుని గడియారం చూస్తూ, సగం అవగానే ఇత్తడి పళ్లెం మీద గరిటెతో ఒక్కటి మోగించేది. పెద్ద పెద్ద ఉపన్యాసాలిచ్చే ఇద్దరు మాస్టర్లూ ఆ ఒక్క మోతకి టక్కున ఆగిపోయేవారు. చాచీ ఏళ్ల తరబడి మా వాదనలన్నీ విన్నది, ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. మమ్మల్ని చాయ్ తీసుకెళ్లడానికి లోపలికి పిలిచినప్పుడు మాత్రం, ఎవరు బాగా మాట్లాడారో వాళ్ల చేతిలో ఒక బిస్కట్టు ఎక్కువ పడేది. నాకెప్పుడూ ఎక్కువే పడేది.

చాచా గొప్ప మాటకారి. ఆయనకొక బలహీనత ఉండేది. తన నోటితో చివర ఏం చెప్పారో దాన్ని తనే నమ్మేసేవారు. ఒకసారి మాకు పల్టీ ఎలా చేయాలో చూపిస్తానని పాన్ మీద మొదలుపెట్టారు. మొదటి సగం పాన్‌ని ఆకాశానికెత్తారు. అరుగుదల అన్నారు, మర్యాద అన్నారు, వాసన అన్నారు. పళ్లెం మోగింది. రెండో సగం పాన్‌ని ఉతికి ఆరేశారు. పళ్లు చూడండి, గోడలు చూడండి, నా కుర్తా చూడండి అంటూ చివరికి వచ్చేసరికి ఆయన ముఖం మారిపోయింది. లేచి వెళ్లి నోట్లోని పాన్ కాలవలో ఊసి వచ్చారు. అంతే, ఆ తర్వాత ఆయన పాన్ ముట్టలేదు. పెళ్లయినప్పటి నుంచీ చాచీ బతిమాలి, అలిగి, పాన్‌దాన్ దాచిపెట్టి సాధించలేనిది ఆయన నోరే ఆయన చేత చేయించింది. ఆ రోజు చాయ్ దగ్గర చాచీ నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తే. ఆమె ఆ సంగతి అప్పుడే మనసులో పెట్టుకుందని నేను తర్వాత గ్రహించాను.

నలభై ఎనిమిదిలో ఎండాకాలం నుంచే ఊరు ఊరులా లేదు. ఉప్పు దొరకదు, మందులు దొరకవు, స్టేషన్లో కోస్తా వైపు వెళ్లే రైళ్లలో కాలు పెట్టే చోటు ఉండదు. మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. రజాకార్ల భయంతో అమ్మ మమ్మల్ని చీకటి పడకుండానే లోపలేసి తలుపులు బిగించేది. అప్పుడు రోజూ సాయంత్రం చాచా మా అరుగు మీద వచ్చి కూర్చునేవారు. ఎందుకొచ్చారంటే ఊరికే అనేవారు. ఆయన అక్కడ కూర్చుంటే మా జోలికి ఎవరూ రారని ఆయన లెక్క, ఆ సంగతి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. మిలిటరీ లారీలు బారులు తీరాయి, జెండాలు లేచాయి, బజారంతా డప్పులు, మిఠాయిలు. మా ఇంట్లో తలుపులు బార్లా తెరిచారు. సందు చివర చాచా ఇంటి తలుపులు మూసుకున్నాయి.

బడి మళ్లీ తెరిచినా చాచా రాలేదు. ఒంట్లో బాగోలేదని కబురు. నాన్న వెళ్లి చూస్తే ఒంట్లో బాగానే ఉంది. జిల్లాల నుంచి ఆయన బంధువులు ఒక్కొక్కరే చేతిసంచులతో వచ్చి చెప్పిన కబుర్లు బాగాలేవు. చెల్లెలి మామగారి ఊళ్లో ఇళ్లు తగలబడ్డాయి. మనుషులు కూడా పోయారు. ఆ చెల్లెలు, బావ బొంబాయి వెళ్లి అక్కడి నుంచి ఓడెక్కి కరాచీ చేరారు, మీరూ వచ్చేయండని మనిషి చేత చెప్పి పంపారు. చలి ముదిరేసరికి చాచా కూడా వెళ్లిపోవడానికి సిద్ధమయ్యారు. నాన్న మాత్రం ఊరుకోలేదు. రోజూ బడి నుంచి తిన్నగా ఆ ఇంటికే. "ఏం కాదు భాయ్ సాబ్, ఇది సికిందరాబాదు, ఇక్కడేం కాదు" అనడం, చాచా తల ఊపడం, నాన్న ఇంటికొచ్చి అన్నం సహించక లేవడం. పోస్ట్‌మాస్టరుగారూ అదే చెప్పారు, పాస్టరుగారూ అదే చెప్పారు, కిరాణా కొట్టు సేటూ అదే చెప్పాడు. ఎంతమంది ఏం కాదంటే చాచా అంత తొందరగా సామాను కట్టారు. నాన్నకి ఉన్న స్నేహితుడు ఆయనొక్కరే. నాకు ఇద్దరు గురువులుంటే అందులో సగం ఆయన. ఆయన వెళ్లిపోతారంటే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

వాళ్లు బొంబాయి రైలెక్కాల్సిన రోజుకి ముందు శనివారం సాయంత్రం నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు, చాచీకి నేను కనిపించి రావాలని. ముందుగదిలో చాప లేదు. కుర్చీలు రెండూ ఎవరికో ఇచ్చేసినట్టున్నారు, ఇనప పెట్టె మీద చాచా, గుమ్మం పక్క బస్తా మీద నాన్న. కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, బడి గురించి మాట్లాడుకున్నారు. తర్వాత నాన్న ఆపుకోలేక మళ్లీ మొదలుపెట్టారు. ఇది మీ ఊరు, మీరు ఉండాలి, అందరూ మీ శిష్యులే, ఎవరు ఏం చేస్తారు మిమ్మల్ని. చాచా ఈసారి తల ఊపలేదు. ఎందుకు పోవాలో వరసపెట్టి చెప్పారు. రేపు బళ్లలో ఉర్దూ ఎవరికి కావాలె, నాకు వేరే పని రాదు. సలాం కొట్టే చేతులు ఇప్పుడు నన్ను చూసి జేబుల్లోకి పోతున్నయి. చెల్లె అక్కడున్నది, నా రక్తం అక్కడికి పోయింది. నేను సభల్లో ఆయన్ని ఎన్నోసార్లు విన్నాను గానీ అంత బలంగా వాదించగా ఎప్పుడూ వినలేదు. నాన్న మాత్రం ఏం కాదు, ఏం కాదు అని అదే మాట పట్టుకుని, గొంతు పెంచుతున్నారు. నాన్న ఓడిపోతున్నారని నాకు తెలిసిపోయింది.

అప్పుడు పరదా వెనక పళ్లెం మోగింది.

ఇద్దరూ మాట మధ్యలో ఆగిపోయారు. ఏళ్ల అలవాటు కదా. చాచా పరదా వైపు చూశారు, నాన్న నా వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. నేను ఆడపిల్లని కాబట్టి అడ్డులేకుండా పరదా తొలగించుకుని లోపలికి వెళ్లాను. చాచీ చుట్టిన పరుపు మీద కూర్చుని ఉంది, ఒళ్లో పళ్లెం, చేతిలో గరిటె. గోడ మీద గడియారం లేదు. అది ఉన్నచోట తెల్లటి మచ్చ మిగిలింది. గడియారం ఎప్పుడో సామాన్లలో కట్టేశారు. టైమ్ ఎలా తెలిసింది చాచీ అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"గడియారం లేకుంటే వక్తు తెల్వదా బేటీ? ఆయన సగం మాట్లాడిండు. ఇంక సగమున్నది."

పోవాలో వద్దో ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె పుట్టింది, పెరిగింది ఆ సందుకి రెండు సందుల అవతల. భర్త మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు, ఏడ్చి సాధించే అలవాటూ లేదు. ఉన్నదల్లా టైమ్ చూసే అధికారం. ముందుగదిలో చాచా గొంతు సవరించుకోవడం వినిపించింది. పల్టీలో గంట మోగాక మాట్లాడకపోతే ఓడినట్టే, ఆ నియమం రాసింది ఆయనే. మొదట ఊరికే లాంఛనంగా మొదలుపెట్టారు, పిల్లలు అప్పజెప్పినట్టు. ఉండొచ్చు, ఇల్లున్నది, కొలువున్నది, అని. తర్వాత మెల్లగా గొంతు మారింది. నేను పరదా అంచు పక్కకి జరిపి చూశాను.

"మాస్టర్ సాబ్, నాకు ప్రేమొస్తే ఉర్దూ వస్తది, కోపమొస్తే తెలుగొస్తది. కరాచీ పోయినంక కోపమొస్తే నేనేం చేయాలె? ఎవర్ని తిట్టాలె? తిడితే ఎవరికి సమజైతది?"

నాన్న నవ్వబోయి నవ్వలేదు. ఎందుకంటే ఇప్పుడు ఆయన వంతు. పోవాలని వాదించాలి. ఇన్నాళ్లూ ఏం కాదని చెప్పిన నోటితో ఏమవుతుందో చెప్పాలి, అదీ చాచా కంటే బాగా చెప్పాలి, బలమైన మాట దాచకుండా చెప్పాలి. నాన్న చెప్పారు. గెలుపు ఊరేగింపు వచ్చిన రోజు ఆ గుంపు ఈ తలుపు ముందు మిగతా ఇళ్ల దగ్గరకంటే ఎక్కువసేపు ఆగిందని, తను మా మేడ మీద నుంచి చూశానని, చూసి కూడా ఈయనకి చెప్పలేదని చెప్పారు. టీచర్ల గదిలో ఒకరిద్దరు ఈయన కుర్చీ ఇంక ఖాళీయేగా అని మాట్లాడుకున్నారని, తను విననట్టు లేచి వచ్చానని చెప్పారు. మీ చెల్లెలి ఊళ్లో జరిగింది అబద్ధం కాదు, ఇక్కడ జరగదని నేను హామీ ఇవ్వలేను, ఎండాకాలం మీరు మా అరుగు మీద కూర్చున్నట్టు నేను మీ అరుగు మీద వచ్చి కూర్చోలేదు, కాబట్టి భాయ్ సాబ్, మీరు భయపడటంలో తప్పు లేదు, వెళ్లాలనుకోవడంలో తప్పు లేదు అన్నారు. అంటూండగానే నాన్న కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. మా నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. చాచీ నా తలని తన భుజానికి ఆనించుకుంది, ఆమె భుజం కూడా కదులుతోంది.

చాచా పెట్టె మీద నుంచి లేచి వచ్చి నాన్న పక్కన ఆ బస్తా మీదే ఇరుక్కుని కూర్చున్నారు.

"గిన్ని దినాలు అందరు వచ్చి ఏం కాదు, ఏం కాదు అన్నరు. ఏమైతదో చెప్పినోడు మీరొక్కరే."

పల్టీ అయ్యాక తీర్పు చెప్పాలి. చాచా నన్ను బయటికి పిలిచి, ఎవరు గెలిచారో చెప్పమన్నారు. ముఖం తుడుచుకుని వచ్చి నిలబడ్డాను. నాకు అప్పటికి చాలా పోటీల అనుభవం. ఇద్దరు పెద్దవాళ్లు కళ్లు ఎర్రగా చేసుకుని నా నోటివైపు చూస్తుంటే బెదిరిపోయే రకాన్ని కాను. ఇద్దరూ టైమ్ దాటేశారు, ఇద్దరూ ఓడిపోయినట్టే అన్నాను. చాచా పగలబడి నవ్వారు. సెప్టెంబరు తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అదేనట, చాచీ తర్వాత చెప్పింది. ఆ వెంటనే లోపల్నుంచి చాయ్ గ్లాసుల చప్పుడు వినిపించింది. స్టవ్ కూడా కట్టేశారనుకున్నాం, కట్టలేదు.

ఉంటానని ఆయన ఆ సాయంత్రం అనలేదు. నాన్న కూడా అడగలేదు. సోమవారం పొద్దున నాన్న బడికి వెళ్తూ ఆ గుమ్మం ముందు ఆగారు. పిలవకుండా, తలుపు కొట్టకుండా, అరుగు మీద కూర్చున్నారు. నేను పుస్తకాలతో పక్కన నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. చాచా షేర్వానీ తొడుక్కుని బయటికి వచ్చి, చెప్పులేసుకుని, పదండి లేటయితది అన్నారు. ముగ్గురం రెజిమెంటల్ బజార్ మధ్యలోంచి నడిచాం. కొందరు సలాం పెట్టారు, కొందరు దుకాణంలో ఏదో వెతుక్కున్నారు. ఒకాయన మాత్రం మమ్మల్ని చూస్తూ చూస్తూ రోడ్డు మీద ఉమ్మాడు. నాన్న ఆయన వైపు తిరగబోతే చాచా నాన్న మోచెయ్యి పట్టుకుని ముందుకి నడిపించారు. బడి గేటు దాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయిందని నాన్న రాత్రి అమ్మతో చెబుతుంటే విన్నాను. టీచర్ల గదిలో ఆయన కుర్చీ ఎవరో అప్పటికే పక్కకి లాగేసుకున్నారు. నాన్న దాన్ని తిరిగి లాక్కొచ్చి కిటికీ దగ్గర వేసి, మళ్లీ ఎవరూ కదపకుండా తన గొడుగు దానికి తగిలించారు.

ఆ ఏడు పోటీలో గెలిచింది ఎవరో వేరే చెప్పాలా? నేనే. ఉర్దూ బళ్లలో ఇంకా కొన్నాళ్లు నడిచింది, తర్వాత తగ్గింది, పిల్లలకి లెక్కలు కూడా చెప్పడం నేర్చుకుని చాచా రిటైరయ్యేదాకా అక్కడే చేశారు. చాచీ పోయాక, ఆయనా ఆ సందులోనే పోయారు. నేను టీచరుద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఆయన బడికి బయల్దేరుతుంటే అడిగాను, ఆ భయం ఎన్నాళ్లకి పోయింది చాచా అని. షేర్వానీ బొత్తాలు పెట్టుకుంటూ నావైపు వింతగా చూశారు.

"పోయిందని ఎవరన్నరు బేటీ?"

అని, గొడుగు అందుకుని వెళ్లిపోయారు. అన్నిటికీ కాలమే మందు అంటారు, నేనూ ఎందరినో అలాగే ఓదార్చాను. చాచా విషయంలో మాత్రం కాలం ఏ మందూ వేయలేదు. ఆయనే ప్రతి పొద్దునా భయపడుతూనే గుమ్మం దాటి, ఆ ఒక్క రోజునీ తనదిగా చేసుకుని వచ్చారు. అలా చేసుకున్న రోజులే మేం ఆయనతో గడిపిన సంవత్సరాలన్నీ.